పాత కారుకు ఏ ఆయిల్ పోయించాలి? – పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన మా పిల్లలకు ఆశీస్సులు.

ముచ్చటపడి కొనుక్కున్న సెకండ్ హ్యాండ్ కారుకు ఏ ఇంజన్ ఆయిల్ పోయించాలని అడిగారు. ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి వదిలేసే సంగతి కాదు గనుక రాస్తున్నాను. మీరు ఏ కంపెనీ ఆయిల్ మంచిదని ఆలోచిస్తున్నారు గానీ, అసలు చూడవలసినవి డబ్బా మీద ఉండే రెండు గుర్తులు. అవి ఆ కారు ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన వాటితో కలిస్తే కంపెనీ ఏదైనా ఫరవాలేదు. మాన్యువల్ పాత యజమాని దగ్గరే ఉండిపోతే, తయారీదారు వెబ్‌సైటులో చాలా మోడళ్లకు అది ఉచితంగానే దొరుకుతుంది. మీ కారు తయారైన సంవత్సరానిదే చూసుకోండి.

మొదటి గుర్తు చిక్కదనానిది. 5డబ్ల్యూ-30 అనే గ్రేడులో ముందున్న 5, చలిలో బండి స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. ఈ అంకె తగ్గేకొద్దీ చలికి చిక్కబడటం తగ్గుతుంది. వెనుకనున్న 30, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక మిగిలే చిక్కదనాన్ని సూచిస్తుంది. ఆయిల్ గ్రేడులను నిర్ణయించే ఎస్ఏఈ ప్రమాణం ప్రకారం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 గ్రేడు ఆయిల్ 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) మధ్య ఉంటే, 50 గ్రేడు ఆయిల్ 16.3 నుంచి 21.9 మధ్య ఉంటుంది. ఇది చిన్న తేడా కాదు.

ఇక్కడే మన షెడ్లలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "మన ఎండలకు పలచటి ఆయిల్ ఆగదండీ, 20డబ్ల్యూ-50 పోద్దాం." రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవారికి ఆ మాట సబబుగానే తోస్తుంది. అయితే ఇంజన్ ఒకసారి వేడెక్కాక దాని వేడిని అదుపులో ఉంచేది థర్మోస్టాట్, రేడియేటర్. బయట 30 డిగ్రీలున్నా 45 డిగ్రీలున్నా లోపల ఆయిల్ వేడిలో అంత తేడా రాదు. పైగా మాన్యువల్ రాసినవారికి మన వేసవి తెలియనిదేమీ కాదు. మన దేశంలో అమ్మిన పెట్రోల్ హోండా అమేజ్‌కు ఆ కంపెనీ చెప్పేది 0డబ్ల్యూ-20 వంటి పలచటి ఆయిలే. ఈ కాలపు ఇంజన్లలో వాల్వ్ టైమింగును మార్చే యంత్రాంగం, చాలా వాటిలో టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ కూడా, సన్నటి రంధ్రాల గుండా వచ్చే ఆయిల్ ఒత్తిడి మీదే పనిచేస్తాయి. అవసరానికి మించి చిక్కటి ఆయిల్ పోస్తే, రాత్రంతా ఇంజన్ అడుగునున్న చాంబర్‌లోకి దిగిపోయిన ఆయిల్ పొద్దున్నే స్టార్ట్ చేయగానే పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా చేరడం ఆలస్యమవుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ కొద్ది క్షణాల్లోనే. మైలేజీ కొంత తగ్గుతుందన్నది వేరే చెప్పనక్కరలేదు.

రెండో గుర్తు నాణ్యతది. పెట్రోల్ ఇంజన్లకు అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఇచ్చే వర్గాలు ఎస్‌తో మొదలవుతాయి: ఎస్ఎన్ 2010లోనూ ఎస్‌పీ 2020లోనూ వచ్చాయి. ఎస్ఎన్ అడిగిన కారుకు ఎస్‌పీ నిశ్చింతగా పోయవచ్చు, ఎస్‌పీ అడిగిన దానికి పాతది పోయకూడదు. చిన్న టర్బో పెట్రోల్ కార్ల విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. డీజిల్ కారైతే ముందు దానికి డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉందో లేదో తెలుసుకోండి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నియమాలు అమలులోకి వచ్చాక అమ్మిన డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఈ ఫిల్టర్ మామూలైపోయింది. వాటికి బూడిద తక్కువగా మిగిల్చే ఆయిల్ కావాలి. డబ్బా మీద యూరప్ కార్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ ఇచ్చే సీ2, సీ3 వంటి గుర్తులుంటాయి. మామూలు డీజిల్ ఆయిల్ పోస్తూ పోతే ఆ బూడిద ఫిల్టర్‌లో పేరుకుపోతుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు గనుక, చివరికి ఖరీదైన ఆ ఫిల్టర్‌నే మార్చవలసి రావచ్చు.

అన్నట్టు, డబ్బాలో మిగిలిన కారు ఆయిల్‌ను మోటార్ సైకిల్‌లో పోయకండి. చాలా బైకుల్లో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. రాపిడి తగ్గించడానికి కారు ఆయిల్‌లో కలిపే రసాయనాల వల్ల అది జారిపోయే ప్రమాదముంది.

ఇక పాత కారుకు ప్రత్యేకమైన సంగతి. అమ్మేవాడు "మొన్ననే ఆయిల్ మార్పించాం" అంటే కాదనవద్దు, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఇంజన్ చప్పుడును అణచడానికీ పొగను తగ్గించి చూపించడానికీ అమ్మకానికి ముందు చిక్కటి ఆయిల్ పోయించే అలవాటు పాత కార్ల వ్యాపారంలో కొందరికి ఉంది. అందుకే బండి ఇంటికి రాగానే, కిలోమీటర్లతో పని లేకుండా, ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ డ్రైన్ బోల్ట్ వాషర్‌నూ కలిపి మార్పించి, మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయించండి. ఆయిల్ పోసే మూత తిప్పి దాని అడుగు భాగం చూడండి: నల్లటి జిగురు గట్టిపడి ఉంటే ఆయిల్ చాలాకాలం మార్చలేదని అర్థం. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే కూలెంట్ కలిసిందని అనుమానించి వెంటనే మంచి మెకానిక్‌కు చూపించాలి. డీజిల్ ఆయిల్ కొద్దిరోజులకే నల్లబడటం మాత్రం సహజమే, దానికి కంగారుపడకండి.

లక్ష కిలోమీటర్లు దాటిన బండి కొంచెం ఆయిల్ తాగుతుంటే, మాన్యువల్ ఒకటికి మించి గ్రేడులను అనుమతించిన పక్షంలో వాటిలో చిక్కటిది ఎంచుకోవచ్చు. మాన్యువల్ అనుమతించిన ఆ గ్రేడులను దాటి పోవడం నాకు సమ్మతం కాదు.

కొత్త ఆయిల్ పోశాక వారానికొకసారి, చదునైన చోట బండి ఆపి, కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి, పై గీత దాటేలా పోయడమూ నష్టమే. సరైన ఆయిల్‌తో ఇంజన్ టకటకమన్నా, నీలిపొగ వదిలినా, మట్టం గబగబా పడిపోతున్నా, అది ఆయిల్ తప్పు కాదు, మీరు కొన్న ఇంజన్ అసలు స్థితి. అమ్మిన సంస్థ వాపసుకో వారంటీకో గడువు ఇచ్చి ఉంటే ఈ పనంతా ఆ గడువు లోపలే పూర్తిచేసి, బిల్లులు దాచి, చూసినది చూసినట్టు రాతపూర్వకంగా వారికి తెలియజేయండి.

ఇట్లు,
మీ పెదనాన్న