జట్టు ఓడిన రాత్రి అభిమాని మనసు: ఫుట్‌బాల్, దేశభక్తి – అపోహలు, వాస్తవాలు

నెల్లూరు పొగతోటలో మానసిక వైద్యం చేస్తున్నవాడిని కనుక, ప్రపంచ కప్పు పోటీలు జరిగినప్పుడల్లా మా ఓపీకి వచ్చేవారి మాటల్లో ఒక మార్పును గమనిస్తుంటాను. నిద్ర పట్టడం లేదనో, చిరాకు ఎక్కువైందనో, ఇంట్లో గొడవలనో వచ్చినవారిలో కొందరిని కాస్త కదిపితే మాట చివరికి ఏదో ఒక మ్యాచ్ దగ్గరికి చేరుతుంది. మన జిల్లాలో ఆట అంటే ముందు క్రికెట్టే అయినా, హాస్టళ్ళ పుణ్యమా అని అర్ధరాత్రి దాకా మేలుకొని ఫుట్‌బాల్ చూసే పిల్లలు ఇప్పుడు తక్కువేమీ కాదు. జట్టు ఓడినప్పుడు కలిగే బాధ గురించి, ఆ బాధకూ దేశభక్తికీ ముడిపెట్టి జనం అనుకునే మాటల గురించి వృత్తిరీత్యా నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎవరో బంతి వెంట పరుగెత్తి ఓడిపోతే ఇంట్లో కూర్చున్నవాడు ఏడవడం పనీపాటా లేనితనం.

వాస్తవం: మనిషి తన గురించి తాను అనుకునే దానిలో చాలా భాగం, తాను ఎవరివాడినన్న ఎరుక మీదే ఆధారపడి ఉంటుంది. ఊరు, చదివిన కళాశాల, భాష, దేశం లాంటివన్నీ అందులో భాగాలే. అమెరికాలో రాబర్ట్ చియాల్డినీ బృందం 1976లో ప్రచురించిన పరిశోధనలో, తమ విశ్వవిద్యాలయ జట్టు శనివారం గెలిస్తే, సోమవారం నాడు ఆ విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు వేసుకొచ్చే విద్యార్థులు ఎక్కువయ్యారని తేలింది. గెలిచిన ఆటను విద్యార్థులు తమదిగా చెప్పుకొన్నారు, ఓడిన ఆటను ఆటగాళ్ళ ఖాతాలో వేశారు. మన పిల్లలు మ్యాచ్‌కు ముందు వాట్సాప్ డీపీగా జెండా పెట్టి, ఓడిన అరగంటకే దాన్ని తీసేయడం కూడా ఇలాంటిదే. గెలుపు ఇచ్చే ఆనందం కన్నా ఓటమి ఇచ్చే బాధ బరువైనదని బ్రిటన్‌లో అభిమానుల మొబైల్ ఫోన్ల ద్వారా వారి మానసిక స్థితిని నమోదు చేసిన ఆర్థికశాస్త్రవేత్తలు చూపారు; మ్యాచ్ ముగిసిన తొలి గంటలో ఆ బాధ, గెలిచినప్పటి ఆనందానికి దాదాపు రెండింతలుందని వారి లెక్క. కాబట్టి ఆ రాత్రి కన్నీళ్ళు రావడం జబ్బూ కాదు, చేతకానితనమూ కాదు. చాలామందిలో ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది.

అపోహ: ఓడిన జట్టు మీద ఎంత కోపం వస్తే దేశం మీద అంత ప్రేమ ఉన్నట్టు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా తోచే అపోహ ఇదే కాబట్టి దీని దగ్గర కొంతసేపు ఆగుతాను. బాధ వేరు, ఆ బాధను మోయలేక ఒక మనిషిని వెతికి అతని నెత్తిన వేయడం వేరు. 1950 జులై 16న రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో ఉరుగ్వే చేతిలో బ్రెజిల్ 2-1 తేడాతో ఓడిపోయింది. డ్రా చేసుకున్నా ప్రపంచ కప్పు బ్రెజిల్‌దే అయ్యే మ్యాచ్ అది. ఆ ఓటమి తర్వాత తెల్ల జెర్సీలు అచ్చిరాలేదని రంగు మార్చుకున్నారు. ఈ రోజు మనం చూసే పసుపు జెర్సీ అలా వచ్చిందే. జెర్సీతో పోయి ఉంటే బాగుండేది. కానీ నింద ముఖ్యంగా నల్లజాతి గోల్‌కీపర్ బార్బోసా మీద పడింది. 2000లో చనిపోయేదాకా, ఆపలేకపోయిన ఆ ఒక్క గోల్ అతణ్ణి వదల్లేదు. తమ దేశంలో ఎంతటి నేరానికైనా గరిష్ఠ శిక్ష ముప్పై ఏళ్ళేననీ, తాను మాత్రం యాభై ఏళ్ళు అనుభవించాననీ ఆయన చివరి రోజుల్లో వాపోయాడు.

కొలంబియా ఆటగాడు ఆంద్రెస్ ఎస్కొబార్ 1994 జూన్ 22న అమెరికాతో జరిగిన ప్రపంచ కప్పు మ్యాచ్‌లో పొరపాటున తన గోల్‌లోకే బంతిని కొట్టాడు. పది రోజులకు, జులై 2న, మెడెయిన్ నగరంలో అతణ్ణి కాల్చి చంపారు. ఆ హత్య వెనుక ఉన్న అసలు కారణాల గురించి భిన్న కథనాలున్నా, ఆ సెల్ఫ్ గోల్ గురించి అతణ్ణి ఎగతాళి చేయడంతోనే ఆ రాత్రి గొడవ మొదలైంది. 2021 జులై 11న యూరో కప్పు ఫైనల్లో పెనాల్టీలు తప్పిన ముగ్గురు ఇంగ్లండ్ కుర్రాళ్ళను, వారు నల్లజాతివారైనందుకు, సామాజిక మాధ్యమాల్లో నోటికొచ్చినట్టు తిట్టారు. వారిలో సాకా వయసు అప్పటికి పంతొమ్మిదే. జర్మనీ ఆటగాడు మెసుట్ ఓజిల్ 2018లో జాతీయ జట్టుకు స్వస్తి చెబుతూ, గెలిస్తే తనను జర్మన్‌గా, ఓడితే వలస వచ్చినవాడిగా చూస్తున్నారన్నాడు.

ఇవి పరాయి దేశాల సంగతులని మనం చేతులు దులుపుకోలేము. 2021 అక్టోబరు 24న దుబాయ్‌లో మన క్రికెట్ జట్టు పాకిస్తాన్ చేతిలో పది వికెట్ల తేడాతో ఓడినప్పుడు, జట్టులో పదకొండు మంది ఉండగా మతం చూసి మహమ్మద్ షమీని వేలెత్తి చూపినవారున్నారు. కెప్టెన్ కోహ్లీ బహిరంగంగా ఖండించవలసి వచ్చింది. నేను గమనించినంతవరకు ఇలాంటి కోపానికీ దేశానికీ ఉన్న సంబంధం చాలా పలచనిది. ముందు నుంచీ మనసులో ఉన్న ద్వేషానికి ఓటమి ఒక అనుమతి పత్రంలా దొరుకుతుంది. జాతీయ గీతం వినగానే కళ్ళు చెమర్చే మనిషే మర్నాడు ఆటగాడి కుటుంబాన్ని బూతులు తిట్టగలడు. మొదటిది నిజమైనంత మాత్రాన రెండవది దేశసేవ అయిపోదు.

అపోహ: నూట నలభై కోట్ల మందిలో పదకొండు మంది దొరకలేదా? మన ఫుట్‌బాల్ ఎప్పుడూ ఇంతే, దానికి బాధపడడం ఎందుకు?

వాస్తవం: వీఆర్సీ సెంటర్‌లో టీ తాగుతూ ఈ మాట అనని మనిషి ఉండడు. 2024 మార్చి 26న గువాహటిలో, అప్పటి మన కెప్టెన్ సునీల్ ఛెత్రి నూట యాభయ్యో అంతర్జాతీయ మ్యాచ్‌లో, మన జట్టు అఫ్గానిస్తాన్ చేతిలో 2-1 తేడాతో ఓడినప్పుడు కూడా ఇదే మాట విన్నాను. దీనిలో కోపం లేదు కనుక ప్రమాదం లేదనుకుంటాం కానీ, మానసికంగా ఇది కూడా ఓటమి నుంచి తప్పుకొనే దారే. మనకు సంబంధం లేదని ముందే అనేసుకుంటే ఓడినప్పుడు నొప్పి ఉండదు. జనాభా లెక్కకు అర్థమే ఉంటే, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలను కలిపితే వచ్చేంత జనాభా కూడా లేని ఉరుగ్వే రెండుసార్లు ప్రపంచ కప్పు గెలిచి ఉండేది కాదు. ఆడే పిల్లలు, మైదానాలు, శిక్షకులు, చిన్న వయసు నుంచే జరిగే పోటీలు – ఇవి ఎన్ని ఉన్నాయన్నదే లెక్క.

ఎప్పుడూ ఇంతే అన్నది కూడా అబద్ధమే. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. మనవాళ్ళలో కొందరు బూట్లు లేకుండానే ఆడారు. అప్పటి శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తిరీత్యా బడిపంతులు. ఆ ఓటమి తర్వాత కూడా ఆయనను కొనసాగించారు. జట్టుకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీమ్ నేతృత్వంలో మనం నాలుగో స్థానంలో నిలిచాం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడి, చివరకు అదే దక్షిణ కొరియాను ఫైనల్లో 2-1 తేడాతో ఓడించి స్వర్ణం తెచ్చుకున్నాం. ఈ సంగతి మన తెలుగు పిల్లలకు ఒక్క బడిలోనైనా చెబుతారా అన్నది నా అనుమానం.

2018 జూన్‌లో ముంబయిలో మన జట్టు చైనీస్ తైపీని (తైవాన్ జట్టును) 5-0 తేడాతో గెలిచిన రోజు స్టేడియం చాలావరకు ఖాళీగా ఉంది. మర్నాడు ఛెత్రి ఒక వీడియోలో, తిట్టండి, విమర్శించండి, కానీ మైదానానికి వచ్చి తిట్టండి అని వేడుకున్నాడు. కెన్యాతో జరిగిన తర్వాతి మ్యాచ్‌కు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆటగాడిని కుంగదీసేది తిట్టు ఒక్కటే కాదు, ఎవరికీ పట్టకపోవడం కూడా అని ఆ విన్నపం చెబుతోంది.

అపోహ: పరాయి దేశపు జట్టు కోసం ఏడిచేవాడికి సొంత దేశం మీద ప్రేమ ఉండదు.

వాస్తవం: 2022 నవంబరు 22న ప్రపంచ కప్పులో సౌదీ అరేబియా చేతిలో అర్జెంటీనా 2-1 తేడాతో ఓడింది. ఆ వారంలోనే కలిగిరి వైపు నుంచి ఒక తండ్రి ఇంజనీరింగ్ చదివే కొడుకును తీసుకొని వచ్చాడు (గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను). కుర్రాడి ఒంటి మీద తెలుపు, లేత నీలం చారల జెర్సీ, వీపున పదో నంబరు, మెడ దగ్గర కుట్లు ఊడి దారాలు వేలాడుతున్నాయి. తండ్రి ఆ చొక్కానే చూస్తూ అన్నాడు: “ఏం జరిగిందిరా అంటే నోరు తెరవడం లా సార్. ఫ్రెండుని అడిగితే అర్జెంటీనా ఓడిందంట. అది యాడుందో నాకు తెలవదు. దానికి వీడు అన్నం మానేసేదేంది?” “కూర్చో అన్నా, వాడితో నేను మాట్లాడతాను” అని ఆయనను బయట కూర్చోబెట్టాను. ఆ పిల్లవాడికి మన దేశం మీద ప్రేమ తక్కువేమీ లేదు. పదేళ్ళ వయసులో మేనమామ పక్కన కూర్చొని చూసిన తొలి మ్యాచ్ అర్జెంటీనాది. ఆ మేనమామ ఇప్పుడు లేడు. ఇష్టం పుట్టిన చోటు అది. మనిషికి ఒకేసారి చాలా బంధాలుంటాయి, ఒకటి పెరిగితే మరొకటి తరగాలన్న నియమం లేదు. కేరళలో అర్జెంటీనా, బ్రెజిల్ ఆటగాళ్ళ కటౌట్లు నిలబెట్టేవారు మన జట్టు ఆడితే మనకే జేజేలు కొడతారు. డిసెంబరు 18న కప్పు చివరకు అర్జెంటీనాయే గెలిచింది కాబట్టి, ఆ కుర్రాడు కోలుకున్న ఘనత పూర్తిగా నాదేనని చెప్పుకోలేను.

అపోహ: రోజుల తరబడి కుంగిపోయాడంటే ఆట మీద అంత పిచ్చి ప్రేమ అన్నమాట.

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. ఓటమి తర్వాత వారం గడిచినా తేరుకోనివారిని నేను నెమ్మదిగా ఒక ప్రశ్న అడుగుతాను: “డబ్బు పెట్టావా?” చాలాసేపు నేల చూపులు చూసి, తర్వాత అవునంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించారు, 2025లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్ర చట్టమూ వచ్చింది. అయినా యాప్‌లలోనూ, చేతి అప్పులతోనూ బెట్టింగులు సాగుతూనే ఉన్నాయి. ఇంట్లోవారు అభిమానం అనుకొని నవ్వి వదిలేసేది ఒక్కోసారి అప్పు తీర్చలేనన్న భయం. ఇది దేశభక్తితోనూ క్రీడాభిమానంతోనూ ముడిపడిన బాధ కాదు, దీనికి వైద్యం వేరు.

అపోహ: గెలుపు దేశాన్ని ఏకం చేస్తుంది, ఓటమి చీలుస్తుంది, ఒక్కోసారి యుద్ధాలకూ దారి తీస్తుంది.

వాస్తవం: మొదటి ముక్కలో కొంత నిజముంది. ఆఫ్రికా దేశాల్లో జాతీయ జట్టు గెలిచిన తర్వాతి రోజుల్లో జనం తమను తెగ పేరుతో కాక దేశం పేరుతో చెప్పుకోవడం, ఇతర తెగలవారిని నమ్మడం పెరిగిందని 2020లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. ఓటమి తర్వాత దానికి విరుద్ధమైన మార్పేమీ కనిపించలేదు. ఇక ఫుట్‌బాల్ యుద్ధం అని పేరుపడిన 1969 నాటి పోరులో దండెత్తింది మ్యాచ్ ఓడిన హోండురస్ కాదు, గెలిచిన ఎల్ సాల్వడార్. భూమి తగాదాలు, వలస వెళ్ళినవారిని వెళ్ళగొట్టడం దాని అసలు కారణాలు.

అపోహ: మనసుకేగాని ఒంటికేమీ కాదు.

వాస్తవం: 2006 ప్రపంచ కప్పు సమయంలో మ్యూనిక్ ప్రాంతంలో జర్మనీ ఆడిన రోజుల్లో గుండె సంబంధిత అత్యవసర కేసులు మామూలు రోజుల కన్నా 2.66 రెట్లు నమోదయ్యాయి. పురుషుల్లో అది 3.26 రెట్లు, స్త్రీలలో 1.82 రెట్లు. అంతకుముందే గుండె జబ్బున్నవారికి ముప్పు మరీ ఎక్కువ. జర్మనీ పెనాల్టీ షూటౌట్‌లో గెలిచిన రోజు కూడా కేసులు బాగా పెరిగాయి కాబట్టి, దోషం ఓటమిది మాత్రమే కాదు, ఉత్కంఠది. మన దగ్గర ఈ మ్యాచ్‌లు తరచు అర్ధరాత్రి దాటాక వస్తాయి. నిద్రలేమి, సిగరెట్లు, మందు దానికి తోడవుతాయి. స్టెంటు వేయించుకున్న పెద్దవారు ఆ రాత్రి మాత్రలు మరచిపోకూడదు, ఛాతీలో బరువుగా ఉంటే మ్యాచ్ ముగిసేదాకా ఆగకూడదు.

ఇంట్లో ఆడవాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో 2002, 2006, 2010 ప్రపంచ కప్పుల నాటి పోలీసు రికార్డులు చూస్తే, ఇంగ్లండ్ ఓడిన రోజుల్లో గృహ హింస ఫిర్యాదులు 38 శాతం, గెలిచినా డ్రా అయినా 26 శాతం పెరిగాయి. రిమోట్ విసిరేసేదాకా వచ్చిన కోపం పక్కనున్న మనిషి మీదికి మళ్ళడానికి ఎంతో సమయం పట్టదు. తాగి మ్యాచ్ చూసే అలవాటున్న ఇంటివారు దీన్ని వేళాకోళంగా తీసుకోవద్దు.

అపోహ: “ఆటే కదా, వదిలెయ్” అంటే సరిపోతుంది.

వాస్తవం: ఆ మాట విన్నవాడు బాధను దాచుకుంటాడే గాని వదలడు. కలిసి చూసినవారితో ఆ మ్యాచ్ గురించి మాట్లాడనివ్వండి. ఎక్కడ తప్పు జరిగిందో గంటసేపు వాదించుకున్నా మంచిదే. ఫోన్ మాత్రం తెల్లవారేదాకా పక్కన పెట్టించండి, ఎందుకంటే పశ్చాత్తాపపడే పోస్టుల్లో చాలావరకు ఆ రాత్రి రాసినవే. మర్నాడు సాయంత్రం ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం దాకా నడిపించినా, వీధిలో బంతి ఆడించినా నా మందుల కన్నా త్వరగా పనిచేస్తుంది. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, చదువు గాడిన పడకపోతే, లేదా చనిపోవాలన్న మాట ఒక్కసారి నోట వచ్చినా, మ్యాచ్ వంక పెట్టి తాత్సారం చేయకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి. రాత్రిపూటైనా ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.