చేత్తో చుట్టే సిగరెట్ నుంచి వేప్‌కు మారితే డబ్బు మిగులుతుందా? అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఒక ఆసుపత్రిలో పొగాకు మానిపించే కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే తెలుగువాళ్ళలో ఎక్కువమంది మారతహళ్ళి, బెల్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల్లో పీజీ హాస్టళ్ళలో ఉంటూ ఉద్యోగాలు చేసుకునే పాతికేళ్ళ వాళ్ళు. ప్యాకెట్ సిగరెట్ ధర పెరిగేకొద్దీ వీళ్ళలో చాలామంది పౌచ్ పొగాకు, కాగితాలు, ఫిల్టర్లు కొనుక్కుని చేత్తో చుట్టుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు అదీ భారమనిపించి, "మేడమ్, వేప్‌కు మారితే నెలకు ఎంత మిగులుతుంది?" అని అడుగుతున్నారు. వేప్ అంటే ఈ-సిగరెట్, లిక్విడ్‌ను బ్యాటరీతో వేడిచేసి ఆవిరిగా పీల్చే పరికరం.

ఈ ప్రశ్న నాకు ఇష్టం. ఖర్చు గురించి అడుగుతున్నారంటే అలవాటు మీద విసుగు పుట్టిందన్నమాట. నా పనిలో ఆ విసుగుకు చాలా విలువ ఉంది. అందుకే దానికి తప్పు జవాబు దొరికి, ఆ విసుగు కాస్తా వేప్ కొనడానికి ఖర్చయిపోతే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: వేప్‌కు మారితే పొగాకు ఖర్చు సగానికి సగం తగ్గుతుంది.

వాస్తవం: ఈ మాట బ్రిటన్‌లో నిజం. అక్కడి లెక్కను ఎవరో వీడియోలో చెబితే మనవాళ్ళు పౌండ్లను రూపాయల్లోకి మార్చుకుని నమ్మేస్తున్నారు. ముందు ఆ లెక్క ఎలా నిలబడిందో చూద్దాం.

బ్రిటన్‌లో చుట్టుకునే పొగాకు మీద పన్ను చాలా ఎక్కువ. 2017 మే నుంచి అక్కడ 30 గ్రాములకు తక్కువ పౌచ్ అమ్మకూడదు. ఆ 30 గ్రాముల పౌచ్ ఇప్పుడు 20 పౌండ్లు దాటింది. ఒక్కో సిగరెట్‌కు అర గ్రాము చొప్పున రోజుకు పది పన్నెండు చుట్టుకునేవారికి అది అయిదారు రోజులు వస్తుంది. అంటే నెలకు నూరు పౌండ్ల పైమాటే. అదే మనిషి వేప్‌కు మారితే మొదట పరికరానికి పది నుంచి ఇరవై పౌండ్లు పెడతాడు. తర్వాత 10 మిల్లీలీటర్ల లిక్విడ్ సీసాలు మూడు నాలుగు పౌండ్ల చొప్పున, వారం రెండు వారాలకోసారి మార్చే కాయిల్ (లిక్విడ్‌ను వేడిచేసే తీగ) లేదా పాడ్ (లిక్విడ్ ఉండే చిన్న డబ్బా). అన్నీ కలిపినా పౌచ్ ఖర్చులో సగం కూడా కాదు. ప్రభుత్వం కూడా ఈ తేడా చెరిగిపోకుండా చూసుకుంటోంది. 2026 అక్టోబరు 1 నుంచి 10 మిల్లీలీటర్ల లిక్విడ్‌కు 2 పౌండ్ల 20 పెన్నీల సుంకం పెట్టాలని నిర్ణయించినప్పుడు, అదే రోజు నుంచి పొగాకు సుంకాన్నీ పెంచాలని నిర్ణయించింది. 2023లో ప్రకటించిన ఒక పథకం కింద పొగతాగేవారికి వేప్ కిట్లను ఉచితంగా ఇవ్వడానికి కూడా పూనుకుంది.

అంటే అక్కడ మిగిలే డబ్బుకు కారణం వేప్ చవక కావడం ఒక్కటే కాదు. పొగాకును కావాలని ఖరీదు చేశారు, వేప్‌ను చట్టం లోపల ఉంచి నియంత్రిస్తున్నారు. బెంగళూరులో ఈ రెండూ లేవు. ఇక్కడ పౌచ్ మీద పన్ను ఉన్నా అది బ్రిటన్ స్థాయిలో లేదు. వేప్‌కైతే అసలు ముద్రిత ధరే ఉండదు, అమ్మేవాడు ఆ రోజు ఏది చెబితే అదే ధర. రసీదు ఉండదు, వారంటీ ఉండదు. మూడో రోజు బ్యాటరీ చచ్చిపోతే ఎవరిని అడుగుతారు? పైగా ఇక్కడ చేతికి దొరికేవి ఎక్కువగా వాడి పారేసే రకం. కాయిల్ మార్చడం, లిక్విడ్ నింపడం వంటి పొదుపు మార్గాలేవీ వాటిలో ఉండవు. అయిపోయిందంటే మళ్ళీ మొత్తం కొనాల్సిందే.

ఇంకో మాట. చుట్టుకునేవాళ్ళు తమ ఖర్చును చాలా తక్కువగా చెబుతారు. పౌచ్ ధర ఒక్కటే గుర్తుంటుంది. కాగితాలు, ఫిల్టర్లు, లైటర్లు లెక్కలోకి రావు. ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర చుట్టుకునే తీరిక లేక విడిగా కొన్న సిగరెట్లు అసలే గుర్తుండవు. కర్ణాటకలో సిగరెట్లు విడిగా అమ్మడం నిషేధమే అయినా కొట్లలో దొరుకుతూనే ఉన్నాయి. ఒక వారం పాటు వీటన్నిటికీ పెట్టిన ప్రతి రూపాయినీ ఫోనులో రాసుకు రమ్మంటాను. రాసుకొచ్చిన మొత్తం మొదటిసారి చెప్పిన దానికంటే దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

అపోహ: వేప్ అమ్మేవాళ్ళకే నిషేధం, కొనుక్కునేవాళ్ళకు ఏమీ కాదు. నికోటిన్ లేనిదైతే అసలు చట్టం పరిధిలోకే రాదు.

వాస్తవం: కర్ణాటక 2016లోనే ఈ-సిగరెట్లను నిషేధించింది. 2019 సెప్టెంబరులో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, అదే ఏడాది డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటనలు అన్నీ నేరాలే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళ వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ చేయనిచ్చిన స్థలం యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, యాభై వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. గదిలో డబ్బాలు పెట్టి స్నేహితులకు అమ్ముదామనుకునే కుర్రాడు తనను మాత్రమే కాదు, పీజీ యజమానినీ ఇరికిస్తున్నాడు. నికోటిన్ ఉన్నా లేకపోయినా పరికరం చట్టం నిర్వచనంలోకి వస్తుంది. పొగాకును మండించకుండా వేడిచేసే పరికరాలకూ ఇదే వర్తిస్తుంది. దుబాయ్ నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో తెప్పించుకోవడం కూడా దిగుమతే.

సొంతానికి పీల్చడాన్ని చట్టం విడిగా నేరంగా పేర్కొనలేదన్నది నిజం. కానీ పీల్చాలంటే ముందు ఎవరో దిగుమతి చేసి, మోసుకొచ్చి, అమ్మాలి. ఆ గొలుసులో చివరి మనిషి మీరే. దొరికిపోతామేమోనన్న బెదురు ఖరీదును ఎవరూ తమ లెక్కలో రాసుకోరు.

అపోహ: అయిదు శాతం నికోటినే కదా, సిగరెట్ కంటే తక్కువే.

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టే మాట ఇదే. ఒక అబ్బాయి తాను వాడే పరికరం తెచ్చి బల్ల మీద పెట్టాడు. వేలెడంత ప్లాస్టిక్ డబ్బా, మామిడిపండు బొమ్మ, ఒక మూలన చిన్న అక్షరాల్లో 5 శాతం, 10 మిల్లీలీటర్లు అని ఉంది. కాగితం తీసుకుని ఇద్దరం లెక్క వేశాం. అయిదు శాతమంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు. పది మిల్లీలీటర్లకు 500 మిల్లీగ్రాముల నికోటిన్. ఒక సిగరెట్ కాల్చినప్పుడు ఒంట్లోకి చేరేది సుమారు ఒకటి రెండు మిల్లీగ్రాములు. డబ్బాలో ఉన్నదంతా ఒంట్లోకి పోదు, నిజమే. అయినా అది ఎంత పెద్ద నిల్వో ఆ అబ్బాయికి అప్పుడు అర్థమైంది.

బ్రిటన్‌లో, ఐరోపా సమాఖ్యలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు, పరికరంలో 2 మిల్లీలీటర్లకు మించి లిక్విడ్ పట్టకూడదు. సిగరెట్‌తో పోలిస్తే వేప్ హాని చాలా తక్కువని ఇంగ్లాండ్ ప్రజారోగ్య సంస్థ 2018లో చెప్పింది ఇలాంటి నియంత్రణ ఉన్న చోట నుంచి. దొంగదారిన వచ్చిన డబ్బాలో ఏమి నింపారో ఎవరూ పరీక్షించరు. 2019లో అమెరికాలో వేప్ వాడినవారికి ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఉదంతంలో, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలవడమో చనిపోవడమో జరిగింది. వారిలో మరణించినవారు 68 మంది. ప్రధాన కారణంగా తేలింది విటమిన్ ఈ అసిటేట్ అనే నూనె. గంజాయి సారంతో చేసిన అనధికార లిక్విడ్లలో దాన్ని కలిపారు. బెంగళూరులో దొరికే ప్రతి డబ్బాలో అదే ఉంటుందని నేను అనడం లేదు. లోపల ఏముందో చెప్పే బాధ్యత ఎవరిమీదా లేదని అంటున్నాను.

ఇక జేబు సంగతి. సిగరెట్ కాలిపోగానే ఆగుతారు. వేప్‌కు అలాంటి అడ్డుకట్ట లేదు. మంచం మీద, స్నానాల గదిలో, ఫోను చూస్తూ పీలుస్తూనే ఉంటారు. రోజుకు పది చుట్టుకునేవారు కొన్ని నెలల్లోనే అంతకంటే ఎక్కువ నికోటిన్‌కు అలవాటుపడటం చూస్తున్నాను. అవసరం పెరిగితే ఖర్చూ పెరుగుతుంది.

అపోహ: చేత్తో చుట్టినది రసాయనాలు లేని సహజ పొగాకు.

వాస్తవం: మన ప్రకాశం జిల్లా బ్యారన్లలో ఆరబెట్టిన ఆకైనా, విదేశీ పౌచ్‌లోని సన్నని తురుమైనా మండితే కార్బన్ మోనాక్సైడ్, తారు పుడతాయి. క్యాన్సర్ కలిగించే నైట్రోసమైన్లు ఆకును ఆరబెట్టే దశలోనే ఏర్పడతాయి. ఏ కల్తీ లేని చుట్టను అడ్డపొగగా, అంటే మండే కొసను నోట్లో పెట్టుకుని తాగిన శ్రీకాకుళం ఆడవాళ్ళకు అంగిట్లో పుండ్లు, క్యాన్సర్లు వచ్చిన సంగతి వైద్య పత్రికలకెక్కి దశాబ్దాలైంది. దీని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అపోహ: పూర్తిగా మారకపోయినా పగలు వేప్, సాయంత్రం రెండు సిగరెట్లు అయితే హాని, ఖర్చు రెండూ తగ్గినట్టే.

వాస్తవం: మా గదిలో అరచేతిలో పట్టే ఒక మీటర్ ఉంటుంది. ఊపిరి పదిహేను సెకన్లు బిగబట్టి, దాని గొట్టంలోకి నెమ్మదిగా మొత్తం వదలాలి. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో తెరమీద అంకె పెరుగుతూ వెళ్ళి ఒకచోట ఆగుతుంది. కాల్చనివాళ్ళకు సాధారణంగా అయిదారు లోపే ఆగుతుంది, రోజూ కాల్చేవాళ్ళకు పది దాటుతుంది. వేప్‌లో మంట లేదు కాబట్టి దాని వల్ల ఈ అంకె పెద్దగా పెరగదు. అయినా "వేప్‌కు మారిపోయాను మేడమ్" అని చెప్పినవారు ఊదితే చాలాసార్లు అది పదిహేను దగ్గర ఆగుతుంది. వాళ్ళు మీటర్‌ను చూస్తారు, నన్ను చూస్తారు, తర్వాత సాయంత్రం సిగరెట్ల సంగతి చెబుతారు.

నేను కోప్పడను. నికోటిన్ తీరు అంతే. కానీ ఇలా రెంటినీ నడిపించేవాళ్ళు రెండు ఖర్చులు భరిస్తున్నారు. ఉన్న కాసిని సిగరెట్లనూ గట్టిగా, లోతుగా లాగుతారు. రోజుకు ఒక్కటి కాల్చినా, ఇరవై కాల్చేవారికి ఉండే అదనపు గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో బీఎంజే పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది. ఆ రెండు సిగరెట్లను చిన్నవిగా చూడకండి.

అపోహ: వేప్ వాడితే టర్మ్ ఇన్సూరెన్స్‌లో పొగతాగని వారి కిందే లెక్క.

వాస్తవం: బీమా సంస్థలు చేయించే కోటినైన్ పరీక్ష చూసేది ఒంట్లోకి వెళ్ళిన నికోటిన్‌నే, పొగను కాదు. వేప్ వాడినా అది బయటపడుతుంది. దరఖాస్తులో దాచిపెడితే రేపు మీ ఇంట్లోవాళ్ళ క్లెయిమ్‌కే ఎసరు.

అపోహ: మానడానికి వాడే నికోటిన్ గమ్ములు, ఒంటికి అంటించే ప్యాచ్‌లు వేప్ కంటే ఖరీదు. పైగా పనిచేయవు.

వాస్తవం: ముందు పనిచేయవన్న మాట గురించి. నికోటిన్ ఉన్న వేప్‌తో మానేసేవారు గమ్ము, ప్యాచ్‌లతో మానేసేవారికంటే కొంత ఎక్కువని, వైద్య ప్రయోగాలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. ఇది దాచాల్సిన విషయం కాదు. కానీ అవి నాణ్యత తెలిసిన పరికరాలతో చేసిన ప్రయోగాలు. మనకు చట్టబద్ధంగా దొరికేవి గమ్ములు, ప్యాచ్‌లు, డాక్టర్ రాసే మాత్రలు. వాటికి కౌన్సెలింగ్ తోడైతే మానేసే అవకాశం బాగా పెరుగుతుంది. 2022 జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సకు చోటు దక్కింది.

గమ్ము పనిచేయలేదని చెప్పేవారిలో ఎక్కువమంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలేసినవాళ్ళే. నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, వికారం వస్తాయి. నెమ్మదిగా నమలండి. చిరచిర మొదలవగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి ఆపండి. చిరచిర తగ్గాక మళ్ళీ నమలండి. అలా అరగంట. కాఫీ, పళ్ళరసం, కూల్‌డ్రింక్ తాగాక పావుగంట ఆగి గమ్ము వేసుకోండి, ఎందుకంటే నోటిలో పులుపు ఉంటే నికోటిన్ ఇంకదు. బెంగళూరులో ఫిల్టర్ కాఫీ తాగుతూనే గమ్ము నోట్లో పెట్టుకునేవారికి ఈ ఒక్కమాట చెప్పాకే అది పనిచేయడం మొదలైంది.

2 మిల్లీగ్రాముల గమ్ముకు చీటీ అక్కర్లేదు. నిద్ర లేచిన అరగంటలోపే కాల్చేవారికి తరచు 4 మిల్లీగ్రాములది కావాలి, దానికి డాక్టర్ చీటీ ఉండాలి. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు ఏదైనా డాక్టర్‌ను అడిగే వాడాలి.

ఖర్చు చూద్దాం. గమ్ము ధర బ్రాండును బట్టి పది రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. మొదటి ఆరు వారాలు రోజుకు పది, తర్వాత మూడు వారాలు ఆరు, చివరి మూడు వారాలు మూడు అనుకుంటే పన్నెండు వారాలకు సుమారు 600 గమ్ములు, ఆరు వేల రూపాయలు. మొదటి నెల పౌచ్ ఖర్చుతో పోల్చి చూసుకుని ఇది ఎక్కువేనని కొందరు వెనక్కి తగ్గుతారు. కానీ ఈ ఖర్చుకు ఆఖరి తేదీ ఉంది. పదమూడో వారం నుంచి పౌచ్ లేదు, కాగితం లేదు, గమ్ము లేదు. వేప్ ఖర్చుకు అలాంటి తేదీ ఎవరూ రాసివ్వలేరు.

కౌన్సెలింగ్‌కు అసలు డబ్బే అక్కర్లేదు. సిగరెట్, బీడీ, పొగాకు ప్యాకెట్ల మీద ముద్రించి ఉండే 1800-11-2356 పొగాకు మానడానికి సాయపడే జాతీయ క్విట్‌లైన్ నంబరు. ఫోను చేయడం ఉచితం. దక్షిణాది భాషలవారికోసం ఇక్కడి నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రిలోనే కేంద్రం ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు. మానేసిన మొదటి మూడు రోజులు కోరిక తీవ్రంగా ఉంటుంది. ఒక్కో దఫా కొద్ది నిమిషాలే ఉండి తగ్గుతుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో బాగా నెమ్మదిస్తుంది. శుక్రవారం సాయంత్రం స్నేహితులంతా చుట్టుకుంటున్న రోజున మానడం మొదలుపెట్టకండి. చేతిలో పని ఉన్న రోజును ఎంచుకుని, ముందు రోజే గమ్ము తెచ్చిపెట్టుకుని, గదిలో ఉన్న పౌచ్‌ను ఎవరికీ ఇవ్వకుండా పారేసి, ఆ నంబరుకు ఫోను చేయండి.