తట్టి చూస్తే తెలిసేది కొంతే

చిరంజీవులైన మనవలకు,

తాతయ్య ఆశీస్సులు. పులివెందుల నుంచి వస్తూ తుమ్మలపల్లె గని చూశారట. తవ్వకముందే కింద యురేనియం ఉందని ఎలా తెలిసిందని చిన్నవాడు అమ్మను వేధిస్తున్నాడట. బాగా అడిగావు నాయనా!

పుచ్చకాయ కొనేముందు వేలితో తట్టి చూస్తాం కదా. భూమిని తట్టి చూడడానికీ ఒక పరికరం ఉంది. యురేనియం మెల్లమెల్లగా సీసంగా మారుతూ ఉంటుంది. ఉన్నదాంట్లో సగం మారడానికే దాదాపు 450 కోట్ల ఏళ్లు! ఆ దారిలో పుట్టే పదార్థాలు కంటికి కనిపించని గామా కిరణాలు వదులుతాయి. విమానంలో పెట్టుకుని తిరిగినా, చేత్తో పట్టుకుని గుట్టల వెంట నడిచినా ఆ పరికరం వాటిని పసిగడుతుంది. కాని పైన మీటరు మందాన మట్టి ఉంటే ఆ కిరణాలు బయటికి రావడం కష్టం. తట్టితే తొక్క సంగతే తెలిసింది.

మా చిన్నప్పుడు పాపాఘ్ని ఏటి ఇసుకలో పుచ్చ పాదులు పెట్టేవారు. కాయలమ్మే పెద్దాయన కత్తిమొనతో మూడు పోట్లు పొడిచి, ముక్కను పైకి లాగేవాడు. తొక్క, తెల్లదనం, ఎరుపు వరస చెడకుండా వచ్చేవి. బేరం ఎవరిదైనా ఆ ముక్క కోసం మేమంతా మూగేవాళ్లం.

డ్రిల్లింగ్ యంత్రం పనీ అదే. బోలు గొట్టం చివర వజ్రాలు పొదిగిన బిట్టు గుండ్రంగా తిరుగుతూ కోస్తే, మధ్యలో రాయి కడ్డీలా నిలుస్తుంది. దాన్ని తీసి, ఎంత లోతుదో రాసి, పెట్టెల్లో వరసగా పేరుస్తారు. నిలువునా చీల్చి సగం ప్రయోగశాలకు పంపి, సగం దాస్తారు. బోరులోకి కూడా పరికరాన్ని దించి చూస్తారు.

ఒక్క ముక్క ఆ కాయ సంగతి చెబుతుంది, తోట సంగతి చెప్పదు. అందుకే మొదట దూరదూరంగా, తర్వాత దగ్గరదగ్గరగా బోర్లు వేసి, పొర పొడవు, వెడల్పు, మందం, రాయి బరువు, అందులో యురేనియం పాలు కలిపి లెక్క కడతారు. తుమ్మలపల్లెలో ఏటవాలు రాతిపొరల మధ్య యురేనియం ఉన్న రెండు పలుచని పట్టీలు దొరికాయి. టన్ను రాయికి అర కిలో యురేనియం కూడా రాదు. మిగిలిన వ్యర్థమంతా చెరువులా కట్టి నిల్వ చేయాల్సిందే. దానివల్ల బోరునీళ్లు చెడిపోతున్నాయని అక్కడి రైతులు మొత్తుకున్నారు. నల్లమల అడవుల్లో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. కింద ఉన్నదానికి లెక్క కట్టేవాళ్లు పైనున్న బావినీ, పంటనూ అదే పుస్తకంలో రాయాలి పిల్లలూ. పెద్దయ్యాక మీలో ఎవరైనా ఆ పని చేస్తే ఇది మరవకండి.

అసలు యురేనియం ఆ రాతిలోకి ఎలా చేరిందో ఈ ఉత్తరంలో ఇమడదు. ఆ రాయి దాదాపు 200 కోట్ల ఏళ్ల నాడు సముద్రం అడుగున పేరుకున్నది. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు! కంటికి ఆనని జీవులు అల్లిన పొరలు ఆ రాతిలో ఇప్పటికీ ఉన్నాయి. వేసవి సెలవుల్లో నాన్నతో వేంపల్లె వైపు వెళ్లి, రాళ్లు బయటపడిన చోట కాసిని నీళ్లు చల్లండి. వంపులు తిరిగిన గీతలు కనిపిస్తే బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య