చేపలు తిన్న పూట పాలు ఎందుకు తాగనివ్వరు? కడుపు, చర్మం, మధ్యలో ‘ఆటో ఇమ్యూన్’

చేపల పులుసు తిన్న రాత్రి మా నాయనమ్మ పాలు ముట్టుకోనిచ్చేది కాదు, బొల్లి వస్తుందని. ఆవిడకి వాళ్లమ్మ చెప్పి ఉంటుంది, వాళ్లమ్మకి ఇంకెవరో. అలా వెనక్కి వెళ్తే ఆయుర్వేద మూలగ్రంథం చరక సంహితలో, సూత్రస్థానం అనే భాగంలో తేలతాం. చేపలు వేడి చేస్తాయి, పాలు చలవ చేస్తాయి, రెండూ కలిపి తింటే రక్తం చెడి దారులు మూసుకుపోతాయని అక్కడుంది. దీన్నే విరుద్ధాహారం అంటారు. చికిత్సాస్థానంలో చర్మరోగాలకి కారణాలు చెప్పేచోట మొట్టమొదటిది కూడా ఇదే. చేపా పాలూ కలిస్తే బొల్లి వస్తుందనడానికి ఆధారం లేదని ఇప్పటి చర్మవైద్యులు అంటారు. మా ఇంట్లో ఈ నిషేధం పెరుగు దాకా పాకింది, పెరుగులోనే చేప వండుకునే బెంగాలీలు వింటే నవ్వుతారు.

ఇదంతా ఎందుకంటే, ఈమధ్య సోరియాసిస్ అన్నా, బొల్లి అన్నా, పెద్దపేగు పూత (అల్సరేటివ్ కోలైటిస్) అన్నా ‘ఇది ఆటో ఇమ్యూన్ (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటిమీదే దాడి చేసే జబ్బు), మూలం కడుపులో ఉంది, ఆయుర్వేదం రెండు వేల ఏళ్ల కిందటే చెప్పింది’ అనే మాట ఎక్కడ చూసినా కనపడుతోంది. అందులో ఒక ముక్క నిజంగానే పాతది. ఇంకో ముక్కది మా నాన్న వయసు. రెండిటినీ కలిపి కుట్టింది మన కాలంలోనే.

పాత ముక్క సంగతి. ‘రోగాః సర్వేఽపి మందేఽగ్నౌ’ అన్నాడు ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు, జఠరాగ్ని (అరిగించే శక్తి) మందగిస్తేనే రోగాలన్నీ అని. అరగని అన్నరసం ఆమంగా మారి, ఒంట్లో తిరుగుతూ చోటు దొరికిన దగ్గర జబ్బు పుట్టిస్తుందని లెక్క. ఒకరోజు బిగదీసి ఇంకోరోజు నీళ్లలా పోవడం గ్రహణి అనే పేగు జబ్బు కిందికి వస్తుంది, దానికి మజ్జిగ పెద్ద మందు. చర్మానికి కూడా లోపలి నుంచే శుభ్రం చేయాలి కాబట్టి పదిహేను రోజులకోసారి వాంతి, నెలకోసారి విరేచనం, ఆర్నెల్లకోసారి రక్తం తీయించడం. పంచకర్మ సెంటర్లలో ప్యాకేజీగా అమ్మేదానికి మూలం ఇదే.

పేరు దగ్గరో పెద్ద చిక్కుంది. ఆయుర్వేదంలో కుష్ఠం అంటే ఒక జబ్బు కాదు, చర్మరోగాల కుటుంబం: మహాకుష్ఠాలు 7, క్షుద్రకుష్ఠాలు 11, మొత్తం 18. వాటిలో చెమట పట్టక, ఒంటిమీద పెద్ద మేర పరుచుకుని, చేప పొలుసుల్లా కనపడే ఏకకుష్ఠాన్నే ఇప్పటి వైద్యులు ఎక్కువగా సోరియాసిస్‌తో పోలుస్తారు. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట కుచించుకుపోయి కుష్టురోగం ఒక్కదానికే మిగిలింది, అందుకే చీటీ మీద ‘కుష్ఠ చికిత్స’ అని చూసిన సోరియాసిస్ మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టదు. యూరప్ వాళ్లూ మనకంటే ముందేమీ లేరు, సోరియాసిస్‌ని కుష్టు నుంచి గట్టిగా విడదీసింది 1841లో వియన్నాలో హెబ్రా అనే చర్మవైద్యుడు. కుష్టు క్రిమిని నార్వేలో హాన్సెన్ చూసింది 1873లో.

ఇక కొత్త ముక్క. శరీరం తనమీద తానే దాడి చేసుకోకుండా ఏదో కట్టడి ఉండి తీరాలని 1900 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ అన్నాడు, ఆ మాట మీద నమ్మకంతో చాలామంది ఆ వైపు చూడనే లేదు. 1956లో అమెరికాలో రోజ్, విటెబ్‌స్కీ కుందేళ్ల థైరాయిడ్‌లోనూ, లండన్‌లో రోయిట్, డోనియాక్ బృందం రోగుల రక్తంలోనూ ఆ దాడి జరుగుతోందని చూపించాకే ఆటో ఇమ్యూన్ జబ్బులనే ఆలోచన నిలబడింది. సోరియాసిస్ వెనక ఇమ్యూనిటీ చెయ్యి ఉందన్న అనుమానం బలపడింది ఇంకా ఆలస్యంగా, 1979లో రక్షణ వ్యవస్థని అణచే సైక్లోస్పోరిన్ మందు వాడినవాళ్లకి చర్మం అనుకోకుండా బాగుపడినప్పుడు. కాబట్టి చరకుడు ఆటో ఇమ్యూన్ గురించి చెప్పాడనడం ఆయన చెప్పనిది ఆయన నోట్లో పెట్టడమే.

కడుపుకీ చర్మానికీ సంబంధమే లేదని కాదు. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బుంది. ఆ కోవదే డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్, విపరీతమైన దురదతో నీటిపొక్కులు. గోధుమ మానేస్తే పేగూ కుదుటపడుతుంది, నెమ్మదిగా పొక్కులూ తగ్గుతాయి. నాయనమ్మ లాజిక్‌కి దగ్గరగా వచ్చేది ఇదొక్కటే అనిపిస్తుంది నాకు, కాకపోతే దోషి చేప కాదు, చపాతీ.

ఆయుర్వేదం చేతిలో నిజంగా పెద్ద ఆధారం ఇంకోటుంది, బావంచాలు. అథర్వవేదంలోనే తెల్లమచ్చకి రంగు వెయ్యమని ఒక నల్లటి మొక్కని వేడుకునే సూక్తం ఉంది. అది బావంచే అని ఖాయంగా చెప్పలేం గానీ, బొల్లికి బావంచ గింజలు (సంస్కృతంలో బాకుచి) వాడటం చాలా పాత అలవాటు. మందిచ్చి ఎండలో కూర్చోబెట్టడం చరకుడి బొల్లి చికిత్సలోనూ ఉంది. అసలు కీలకం ఆ ఎండే. 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు అనే మన రసాయన శాస్త్రవేత్తలు బావంచ గింజల నుంచి సోరాలెన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. నైలు నది పక్కన బొల్లికి వాడే ఇంకో మొక్కలోనూ ఆ జాతి పదార్థమే ఉంది, దాంతో 1940లలో కైరోలో ఎల్ మోఫ్తీ రోగులకి వైద్యం చేశాడు. 1974లో హార్వర్డ్‌లో పారిష్, ఫిట్జ్‌పాట్రిక్ బృందం సోరాలెన్ మాత్ర ఇచ్చి, కాసేపాగి అల్ట్రావయొలెట్ దీపాల కింద నిలబెడితే సోరియాసిస్ తగ్గుతుందని చూపించింది. అదే పువా థెరపీ. ఎక్కువ సిట్టింగులైతే చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని తర్వాత తేలి వాడకం తగ్గింది.

ఇందులో చిత్రమేమిటంటే ఇది ఆమాన్ని కడిగి పనిచేయలేదు. మందు చర్మంలోకి చేరి, వెలుగు తగలగానే కణాల డీఎన్‌ఏని పట్టుకుంటుంది, అంతే. బావంచ పొడిని రోజూ తాగితే కడుపు బాగుపడి చర్మం బాగుపడుతుందనుకునేవాళ్లు ఈ కథని తిరగేసి చదువుతున్నారు. బావంచాల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి, రాసుకుని ఎండలోకెళ్లి బొబ్బలెక్కించుకున్నవాళ్లూ ఉన్నారు.

పేగు విషయంలో పసుపుకి కాస్త బలముంది. 2006లో జపాన్‌లో పేగుపూత తగ్గుముఖం పట్టిన 89 మందికి మామూలు మందులు ఆపకుండా, వాళ్లలో సగం మందికి పసుపులో ఉండే కర్‌క్యుమిన్ రోజుకి 2 గ్రాములు కలిపి ఇచ్చారు. చివరికి లెక్కలోకి వచ్చినవాళ్లలో చూస్తే, ఆరు నెలల్లో కర్‌క్యుమిన్ తీసుకున్న 43 మందిలో ఇద్దరికి, తీసుకోని 39 మందిలో 8 మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు ‘ఆపకుండా’ అన్న మాట ఫార్వర్డ్ మెసేజీల్లో ఎప్పుడూ రాలిపోతుంది.

అతుకు ఎక్కడ తెగిందో చూడాలంటే తిప్పతీగ చాలు. కొవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ పెంచుతుందని ఊరూరా కషాయం కాచారు, మేమూ కాచాం. కానీ ఆటో ఇమ్యూన్ ఉన్నవాళ్ల సమస్యే రక్షణ వ్యవస్థ సొంతింటి మీద పడటం, ఇక దాన్ని పెంచడమేంటి? 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో లివర్ దెబ్బతిందని రాశారు. అది వేరే జాతి తీగ అయ్యుండొచ్చని ఆయుష్ శాఖ వాదించింది. మరుసటి ఏడాది 13 ఆసుపత్రుల నుంచి 43 కేసులతో ఇంకో నివేదిక వచ్చింది, లోపల దాగున్న ఆటో ఇమ్యూన్ లివర్ జబ్బుని తిప్పతీగ బయటికి లాగుతున్నట్టుందని.

బొల్లి తగ్గిస్తామని ప్రకటన ఇవ్వకూడదని 1954 నాటి చట్టం చెబుతోంది, అందులోని జబ్బుల జాబితాలో ల్యూకోడెర్మా (బొల్లి) పేరు స్పష్టంగా ఉంది. మొన్న ఊరెళ్తూ బస్టాండు గోడ మీద ‘తెల్లమచ్చలు గ్యారంటీగా మాయం’ అని నీలిరంగులో చూశాను. కింద ఫోన్ నంబరు, పక్కనే ‘గ్యాస్ ట్రబుల్‌కి కూడా’.