కొవ్వొత్తి మీద మచ్చలు, నెయ్యిలో పూస

"సోయా మైనంతో కొవ్వొత్తులు చేసి అమ్ముతున్నాను. నాలుగు రోజులకే పైన తెల్లటి మచ్చలు తేలుతున్నాయి. నాకు కల్తీ సరుకు అంటగట్టారా? అసలు పర్యావరణానికి మేలైన మైనం ఏది?" అని ఏలూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. టెన్షన్ పడకండమ్మా. ఆ మచ్చలు కల్తీకి గుర్తు కావు. లోపల మొక్కల కొవ్వు ఉందనడానికి అవే మంచి ఆనవాలు.

సోయా నూనెను మైనంగా మార్చే పద్ధతి, డాల్డా తయారుచేసే పద్ధతి ఒక్కటే. నికెల్ పొడి కలిపిన వేడి నూనెలోకి హైడ్రోజన్ పంపిస్తారు. నికెల్‌తో ఈ పని చేయించవచ్చని చూపించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ సబాటియేకు 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. నూనె అణువులో ఒక గ్లిసరాల్ ముక్కకు మూడు పొడవాటి కార్బన్ గొలుసులు ఉంటాయి. రెండు కార్బన్ల మధ్య ద్విబంధం, అంటే జంట బంధం, ఉన్నచోట గొలుసు వంగుతుంది. వంగిన గొలుసులు దగ్గరగా సర్దుకోలేవు కాబట్టి నూనె ద్రవంగానే ఉండిపోతుంది. హైడ్రోజన్ చేరి ద్విబంధం పోగానే గొలుసు నిటారవుతుంది, నూనె గట్టిపడుతుంది.

బడిలో మైనం కరగడం భౌతిక మార్పు, మండడం రసాయన మార్పు అని రాయించి వదిలేస్తాం. కరిగిన మైనం మళ్ళీ గడ్డకట్టేటప్పుడు దానికి ఒకటికి మించి దారులున్నాయని పిల్లలకు చెప్పం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఆ దారులు చూడాలంటే నెయ్యి గిన్నె చాలు. వెన్న కాచి దించిన నెయ్యిని అలమరలో వదిలేస్తే మెల్లగా చల్లారి పూస కడుతుంది. అదే నెయ్యిని ఫ్రిజ్‌లో పెడితే నున్నటి ముద్ద అవుతుంది. మెల్లగా చల్లారేటప్పుడు ముందుగా గడ్డకట్టే కొవ్వులు కొద్దిచోట్లే స్ఫటికాలుగా మొదలై, తీరిగ్గా పెరిగి పెద్దవవుతాయి. అదే పూస. గబుక్కున చల్లారిస్తే ఒకేసారి లక్షలచోట్ల మొదలవుతాయి, ఏదీ పెద్దగా పెరగదు. సోయా మైనం మీద మచ్చ కూడా పూసే. పెద్ద స్ఫటికాలు వెలుగును చెదరగొడతాయి కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. రంగు వేసిన కొవ్వొత్తి మీద మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది.

అలాగని గ్లాసుల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టేయకండి. కొవ్వుకు ఆల్ఫా, బీటా ప్రైమ్, బీటా అని మూడు రకాల స్ఫటిక రూపాలున్నాయి. పూర్తిగా హైడ్రోజన్ ఎక్కించిన సోయాలో ముఖ్యమైన కొవ్వు ట్రైస్టియరిన్‌నే తీసుకుంటే, ఆల్ఫా రూపం సుమారు 54 డిగ్రీల దగ్గర, బీటా ప్రైమ్ 64 దగ్గర, బీటా 73 దగ్గర కరుగుతాయి. పదార్థం ఒక్కటే, కరిగే వేడి మాత్రం మూడు చోట్ల! హఠాత్తుగా చల్లబరిస్తే అణువులు హడావుడిగా ఆల్ఫాలో ఇరుక్కుంటాయి. అది నిలకడ లేని రూపం. రోజులు గడిచేకొద్దీ బీటా వైపు జారుతుంది, జారుతూ పూస కడుతుంది. పగటి ఎండ, రాత్రి చల్లదనం ఆ మార్పును ఇంకా తొందరపెడతాయి. బీటాలో అణువులు మరింత దగ్గరగా సర్దుకుంటాయి కనుక మైనం కుంచించుకుని గాజు నుంచి విడిపోతుంది కూడా. అందుకే మైనం కాస్త మసకబారే దాకా చల్లార్చి, అప్పుడు గోరువెచ్చటి గ్లాసుల్లో పోయాలి. ఆ మసకే చిన్న స్ఫటికాల విత్తనాలు.

దీనికంటే మంచి ఉపాయం కలపడం. సోయా గొలుసుల్లో ఎక్కువ భాగం 18 కార్బన్లవే. అన్నీ ఒకే పొడవు కావడంతో సులువుగా బీటాలో సర్దుకుంటాయి. పామాయిల్‌లో 16 కార్బన్ల గొలుసులూ దండిగా ఉంటాయి. పొడవులు కలగాపులగమైతే కొవ్వు చిన్న స్ఫటికాల బీటా ప్రైమ్‌లోనే ఎక్కువకాలం నిలుస్తుంది. పామాయిల్ అనగానే ఇండోనేషియాలో నరికేసిన అడవులు గుర్తొస్తాయి, అది న్యాయమైన అభ్యంతరమే. కానీ దేశంలో ఆయిల్ పామ్ సాగులో ముందున్నది ఆంధ్రప్రదేశే. జాతీయ పరిశోధన సంస్థ ఏలూరు పక్కనే పెదవేగిలో ఉంది. ఎక్కడ పండిందో అడిగి కొనండి. సోయాకు పుట్టుకతోనే పచ్చ రంగు అంటిస్తున్నారు గానీ, మన దేశానికి సోయా నూనె చాలావరకు అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి ఓడల్లో వస్తుంది.

మన ఎండలకు నా ఓటు తవుడు మైనానికి. తవుడు నూనెను శుద్ధి చేసేటప్పుడు పక్కకు తీసేసే పదార్థం ఇది. దీనికోసం వేరే పొలం అక్కర్లేదు. సుమారు 80 డిగ్రీల దాకా కరగదు. గ్లాసుల్లో పోసే సోయా మైనం చాలావరకు 50 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మే నెలలో రెంటచింతల వైపు వెళ్ళే లారీలో అది మెత్తబడి, కలిపిన సెంటు నూనె చెమటలా పైకి తేలుతుంది. కొద్దిగా తవుడు మైనం కలిపితే నిలదొక్కుకుంటుంది. కొబ్బరి నూనె కరిగేది 24 డిగ్రీలకే, హైడ్రోజన్ ఎక్కించినా 35 దాటడం కష్టం. అందుకే కోకోనట్ వ్యాక్స్ అని అమ్మేదాంట్లో ఇంకేం కలిపారో తప్పక అడగాలి.

తేనె మైనం 62 డిగ్రీలు దాటాకే కరుగుతుంది, చాలా అందంగా మండుతుంది, ఖరీదూ అంతే. దాని మంట గాలిని శుద్ధి చేసే అయాన్లు వదులుతుందన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. దయచేసి లేబుల్ మీద రాయకండి. ఏ మైనమైనా వత్తి పొడుగైతే మసి కక్కుతుంది. వెలిగించే ముందు 6 మిల్లీమీటర్లకు కత్తిరించాలి.

ఇక కల్తీ సంగతి. అమ్మేవారిని సపోనిఫికేషన్ విలువ ఉన్న సర్టిఫికెట్ అడగండి. గ్రాము కొవ్వును సబ్బుగా మార్చడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ పడుతుందో చెప్పే అంకె అది. సోయాకు 190 దరిదాపుల్లో ఉంటుంది, తేనె మైనానికి 90 నుంచి 100. పెట్రోలియం నుంచి వచ్చే పారఫిన్ సబ్బుగా మారదు కాబట్టి సున్నా. అచ్చమైన సోయా అని చెప్పిన మైనానికి 120 వచ్చిందంటే, అందులో మూడో వంతుకు పైగా పారఫిన్ కలిసి ఉండొచ్చని అనుమానించాల్సిందే.