గ్రేడ్ పడ్డ బిల్డింగ్‌లో మేకు కూడా కొట్టకూడదా?

ముంబైలోని ఫోర్ట్ ఏరియాలో పాత కట్టడాలకు మరమ్మతు చేయించడం నా పని. ఒకప్పుడు పెద్ద హోటళ్లుగా వెలిగిన బిల్డింగుల కింద, రోడ్డు మీదికి తెరుచుకునే షాపుల వాళ్లు నన్ను ఎప్పుడూ అడిగేది ఇదే.

అపోహ: హెరిటేజ్ గ్రేడ్, అంటే కాపాడాల్సిన పాత కట్టడానికి ప్రభుత్వం ఇచ్చే స్థాయి (గ్రేడ్-1 అన్నిటికన్నా పైది), పడితే గోడ ముట్టుకోకూడదు.

వాస్తవం: ముట్టుకోవచ్చు. ముందు అనుమతి తీసుకోవాలి, అంతే. 1995 నాటి ముంబై నిబంధనల్లోనే గ్రేడ్-1 కట్టడానికి కూడా బలం చేకూర్చే పనికి దారి పెట్టారు. గ్రేడ్-2లో లోపలి మార్పులకు కూడా హెరిటేజ్ కమిటీ పరిశీలించి ఒప్పుకోవచ్చు. 2008 ఉగ్రవాద దాడిలో కాలిన తాజ్ హోటల్ పాత భవనం 2010 ఆగస్టు 15న మళ్లీ తెరుచుకుంది. ముట్టుకోకుండానే బాగైందా?

ఫోర్ట్‌లోనే ఉన్న వాట్సన్ హోటల్ సంగతి చూడండి. ఇంగ్లండ్‌లో పోతపోసిన ఇనుప స్తంభాలు, దూలాలు ఓడల్లో తెచ్చి 1860ల చివర్లో నిలబెట్టారు. మన దేశంలో మొదటి సినిమా ప్రదర్శన 1896 జులై 7న అక్కడే జరిగింది. తర్వాత గదులన్నీ ముక్కలై లాయర్ల ఆఫీసులు, చిన్న షాపులు అయ్యాయి. 2005లో బాల్కనీ కొంత కూలి ఒకరు చనిపోయారు. 2019లో అందరినీ ఖాళీ చేయించారు. అక్కడ ఓనరుకూ కిరాయిదారులకూ తగాదాలు వేరే ఉన్నాయి. కానీ రిపేరు వాయిదా పడితే జరిగేది ఇదే.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక టైలర్ పెద్దాయన, "గోడకు చెయ్యి పెడితే కేసయితదట గద సార్" అని రెండు వానాకాలాలు ప్లాస్టిక్ షీట్ కట్టుకుని గడిపాడు. చివరికి తట్టుకోలేక షట్టర్ సగం దించి, రాత్రికి రాత్రి సిమెంట్ కొట్టించాడు. మరుసటి ఏడు నేను వెళ్లి బొటనవేలితో నొక్కితే పూత పెళ్లగా ఊడింది, వెనక ఇటుక పిండిలా రాలింది. సున్నం గోడ చెమ్మను పీల్చి వదిలేస్తుంది. సిమెంట్ పూత దాన్ని లోపలే బంధిస్తుంది. ఆ చెమ్మకు గోడలోని ఇనుప దూలం తుప్పు పట్టి ఉబ్బితే గోడే పగులుతుంది. ఆయన మీద నాకు కోపం రాలేదు. లేనిపోని పుకారు పుట్టించి ఆయన్ని భయపెట్టిన వాళ్ల మీద వచ్చింది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. తాజ్ హోటల్‌ను ముందువైపు వెనక్కి వచ్చేలా కట్టారని, అది చూసి ఆర్కిటెక్ట్ ఆత్మహత్య చేసుకున్నాడని అంటారు. అబద్ధం. గుమ్మం మొదట కావాలనే ఊరి వైపు పెట్టారు, ఇప్పుడక్కడ స్విమ్మింగ్ పూల్ ఉంది. ఆర్కిటెక్ట్ సీతారాం ఖండేరావ్ వైద్య 1900లోనే జబ్బుచేసి పోయారు. హోటల్ తెరిచింది 1903లో. గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు కట్టారు, హోటల్ తర్వాత కట్టారు అన్నదీ తప్పే. గేట్‌వే పూర్తయింది 1924లో.

మీ షాపు మీది బాల్కనీ అడుగున తుప్పు మరకలు కనిపిస్తున్నా, పెళ్లలు రాలుతున్నా టెన్షన్ పడుతూ కూర్చోకండి. ఫోటోలు తీసి ఈరోజే వార్డు ఆఫీసుకు రాసివ్వండి. అప్పటిదాకా దాని కింద ఎవరినీ నిలబడనివ్వకండి.