ఆస్కార్ అంచనాలు తప్పినప్పుడు: అపోహలు - వాస్తవాలు

ఏటా ఆస్కార్ విజేతల అంచనాల జాబితా రాయడం సినిమా విలేకరిగా నా పనిలో భాగం. ఫలితాలు వచ్చిన రోజు నాకు ఎక్కువగా వినిపించే మాట "అన్యాయం జరిగింది" అన్నదే. ఆ కోపం వెనక ఉన్న నమ్మకాల్లో చాలావాటికి ఆధారం లేదు.

అపోహ: ఎక్కువ మందికి బాగా నచ్చిన సినిమాయే ఉత్తమ చిత్రం.

వాస్తవం: తుది ఓటింగులో మిగతా విభాగాలకు ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే విజేత. ఉత్తమ చిత్రానికి మాత్రం 2009 నాటి సినిమాల నుంచి లెక్క వేరు. నామినేషన్లను 5 నుంచి 10కి పెంచినప్పుడే ఓటర్లు సినిమాలకు వరుసగా ర్యాంకులిచ్చే పద్ధతి తెచ్చారు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ప్రాధాన్య ఓట్లు లెక్కించడం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఏ సినిమాకూ సగానికి మించి మొదటి ర్యాంకులు రాకపోతే అట్టడుగున ఉన్నదాన్ని తప్పిస్తారు. దానికి పడిన బ్యాలెట్లు వాటిలో తర్వాతి ర్యాంకు పొందిన సినిమాలకు వెళ్తాయి. ఏదో ఒకటి సగం దాటేదాకా ఇదే తంతు.

కొందరు నెత్తిన పెట్టుకుని మరికొందరు మొహం తిప్పుకునే సినిమాకు ఇక్కడే చిక్కు. ఎవరినీ నొప్పించక, చాలా బ్యాలెట్లలో రెండో మూడో స్థానం దక్కించుకున్నది దాన్ని దాటిపోగలదు. కాకపోతే తొలి రౌండ్లలోనే తప్పుకోకుండా నిలబెట్టేన్ని మొదటి ర్యాంకులు దానికీ ఉండాలి. 2022లో 12 నామినేషన్లున్న 'ది పవర్ ఆఫ్ ది డాగ్'కు దర్శకత్వ పురస్కారం ఒక్కటే దక్కింది. మూడే నామినేషన్లున్న 'కోడా' మూడూ గెలిచి ఉత్తమ చిత్రమైంది. ఓట్ల లెక్కను ఆస్కార్లు ఇచ్చే సంస్థ అకాడమీ బయటపెట్టదు కనుక ర్యాంకులే కారణమని రుజువు చేయలేం. నేను మాత్రం అదే నమ్ముతాను.

అపోహ: ఎక్కువ నామినేషన్లు ఉంటే గెలుపు నల్లేరు మీద నడక.

వాస్తవం: చాలా విభాగాల్లో నామినేషన్లు ఇచ్చేది అకాడమీలోని ఆయా శాఖల సభ్యులే. నటులను నటులు, ఎడిటర్లను ఎడిటర్లు ఎంపిక చేస్తారు. తుది ఓటు సభ్యులందరిదీ. 'లా లా ల్యాండ్' 14 నామినేషన్లతో వెళ్లి ఆరు పురస్కారాలు గెలిచింది, ఉత్తమ చిత్రం మాత్రం 'మూన్‌లైట్'. వేదిక మీద ముందు 'లా లా ల్యాండ్' పేరు చదివి తర్వాత సరిదిద్దారు, అందుకే చివరి నిమిషంలో ఫలితం మార్చేశారని ఇప్పటికీ వాదించేవారున్నారు. మారింది కవరు మాత్రమే. వేదికకు రెండు పక్కలా ఒక్కో సెట్టు కవర్లు ఉంచుతారు. 'లా లా ల్యాండ్' పేరున్న ఉత్తమ నటి కవరు నకలు పొరపాటున విజేతను ప్రకటించేవారి చేతికి వెళ్లింది.

అపోహ: గోల్డెన్ గ్లోబ్ వస్తే ఆస్కార్ ఖాయం.

వాస్తవం: 2023లో 'నాటు నాటు' రెండూ గెలవడంతో మనవాళ్లలో ఈ నమ్మకం బలపడింది. గ్లోబ్ ఓటర్లు పాత్రికేయులు, ఆస్కార్ ఓటర్లు సినిమా పనివారు. నాకు గిల్డుల (నటులు, దర్శకుల వంటివారి వృత్తి సంఘాల) పురస్కారాల మీదే గురి ఎక్కువ, వాటి సభ్యుల్లో కొందరికి అకాడమీలోనూ ఓటుంది కాబట్టి. అవీ తప్పుతాయి. 2019లో గ్లెన్ క్లోజ్ గ్లోబ్, నటుల గిల్డు పురస్కారం రెండూ గెలిచారు. ఆస్కార్ మాత్రం ఒలీవియా కోల్మన్‌ను వరించింది.

అపోహ: అంతర్జాతీయ చిత్రం విభాగంలో 'ఆర్ఆర్ఆర్'ను ఓడించారు.

వాస్తవం: అది ఆ పోటీలోనే లేదు. అప్పటి నిబంధన ప్రకారం ఒక్కో దేశం ఒక్క సినిమానే పంపాలి. ఆ ఏడాది మన దేశం పంపింది గుజరాతీ చిత్రం 'ఛెల్లో షో'.

అపోహ: ఎక్కువ విభాగాలు సరిగ్గా చెప్పినవారే మంచి అంచనాదారు.

వాస్తవం: కొన్ని విభాగాలు వేడుకకు ముందే తేలిపోతాయి. 2024లో సహాయ నటుడు రాబర్ట్ డౌనీ జూనియర్, సహాయ నటి డావైన్ జాయ్ రాండాల్ఫ్ ప్రధాన పురస్కారాలన్నీ ఊడ్చుకుంటూ వచ్చారు. వారి పేర్లు రాయడంలో గొప్పేమీ లేదు. ఆ ఏడాది అసలు పరీక్ష ఉత్తమ నటి. నటుల గిల్డు లిలీ గ్లాడ్‌స్టోన్‌ను, బ్రిటన్ సినిమా పురస్కారాలైన బాఫ్టా ఎమ్మా స్టోన్‌ను ఎంచుకున్నాయి. చివరికి ఆస్కార్ స్టోన్‌కు దక్కింది. మీ జాబితాకు మార్కులు వేసుకునేటప్పుడు ఇలాంటి విభాగాలను విడిగా లెక్కపెట్టండి. "గెలిచేది", "గెలవాల్సింది" అని రెండు వరుసలు ముందే వేరుగా రాసి ఉంచుకోండి. మొదటి వరుస తప్పితే ఓటర్లను చదవడంలో తేడా వచ్చినట్టు. రెండోదాన్ని ఏ ఫలితమూ తప్పు పట్టలేదు, అది మీ అభిరుచి.